ఇస్కూలు గేటు బయట మా జబాన్

సాయంత్రం నాలుగు దాటితే వరంగల్లు మండిబజారు సందుల్లోకి స్కూలు ఆటోలు వస్తాయి. మెడకు టైలు, వీపు కంటే పెద్ద బ్యాగులతో పిల్లలు దిగుతారు. దిగిన పిల్లను అమ్మీ అడిగే మొదటి మాట 'ఆకలైతుందా' అని కాదు. 'ఆజ్ ఇంగ్లీష్ మే క్యా పఢాయే?' అని. ఇవాళ ఇంగ్లీషులో ఏం చెప్పారని. పిల్ల ఏదో పాట అప్పగిస్తుంది. అమ్మీకి అందులో ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఆ ముఖంలో సంతోషం చూడాలి. తాను దాటలేని గోడను బిడ్డ దాటుతోందన్న సంతోషం అది.

కొన్నేళ్ల కింద మా ఇంట్లోనూ ఇదే సంతోషం. అప్పుడు మా బిడ్డ ఒకటో తరగతి. ఒకరోజు వాళ్లమ్మతో అంది: "గేట్ కనే ఉర్దూ మే బాతాఁ నక్కో కరో అమ్మీ." బడి గేటు దగ్గర ఉర్దూలో మాట్లాడకమ్మా అని. ఆరేళ్ల పిల్ల. ఈ మాట ఆమెకు ఎవరూ నేర్పలేదు. బడిలో తన భాషకు చోటు లేదని, అది వినపడితే పక్క పిల్లలు నవ్వుతారని తనంతట తానే తెలుసుకుంది. ఇంగ్లీషు కంటే ముందు నేర్చుకున్న పాఠం అది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం. నిద్రపోయాం. తరాలుగా అలవాటైన అవమానం కదా!

మా పిల్లలకు ఇంగ్లీషు కావాలి. అందులో మాకు రెండో మాట లేదు. కానీ ఇంగ్లీషు రావాలంటే అమ్మీ భాషను గేటు బయట వదిలేసి రావాలన్న షరతు ఎక్కడిది? ఎవరు పెట్టారు? దానికి జవాబు మా ఊరి చరిత్రలోనే ఉంది.

రాజ్యం భాష, మనుషుల భాష

నిజాం రాజ్యంలో కచేరీల భాష చాలాకాలం ఫార్సీ. 1880ల మధ్యలో దాని చోట్లోకి ఉర్దూ వచ్చింది. ఆ రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు సగం. మరాఠీ వాళ్లు నాలుగో వంతు. కన్నడం వాళ్లూ ఉన్నారు. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరికి కాస్త అటూ ఇటూ. అంటే పల్లె నుంచి వరంగల్లుకో హనుమకొండకో పెద్ద చదువుకు వచ్చిన తెలుగు పిల్లవాడు తన ఇంటి భాషను గేటు బయట వదిలి లోపలికి పోవాల్సి వచ్చింది.

ఇక్కడ మేము ఒక నిజం ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఈ వ్యాసం రాసే హక్కు మాకుండదు. ఇవాళ మా పిల్లకు జరుగుతున్నది ఆనాడు ఆ పిల్లవాడికి జరిగింది. హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పుట్టడం వెనక ఆ బాధ ఉంది. మాతృభాషలో చదువు కావాలని ఆంధ్ర మహాసభ అడగడం వెనక ఆ బాధ ఉంది. ఆ కోరిక న్యాయమైనది. దాన్ని ముస్లింల మీద దాడిగా చూసినవాళ్లు పొరబడ్డారు.

అయితే రెండో నిజం కూడా చెప్పాలి. ఉర్దూ రాజ్యభాష అయినంత మాత్రాన ఉర్దూ మాట్లాడే ప్రతివాడూ రాజు కాలేదు. 1934లో వరంగల్లులో ఆజంజాహి మిల్లు పెట్టారు. అందులో పగలూ రాత్రీ పనిచేసిన ముస్లిం కార్మికుడు ఏ జాగీర్దారు? టాంగా తోలినవాడు, బీడీలు చుట్టిన ఆడమనిషి, దూదేకిన నూర్‌బాషా ఏ నవాబు? వాళ్లు మాట్లాడింది ఫర్మానాల్లోని ఉర్దూ కాదు. 'నక్కో', 'హౌ', 'కైకూ' అనే దక్కనీ. పల్లెల్లో అది తెలుగుతో కలిసిపోయిన దక్కనీ. నూర్‌బాషాల్లో ఎంతోమందికి ఇంటిభాష తెలుగే. రాజ్యానికి ఒక భాష ఉంటే మా మనుషులకు ఇంకో భాష ఉంది. ఆ రాజ్యం పోయినప్పుడు మాత్రం లెక్క తేల్చింది మనుషులతో.

ఆనాటి చదువులో మనం గమనించాల్సిన సంగతి ఇంకోటి ఉంది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. చదువంతా ఉర్దూలో. సైన్సు, చట్టం, వైద్యం పుస్తకాలు తర్జుమా చేయడానికి దారుల్ తర్జుమా అని ఒక శాఖనే పెట్టారు. అదే సమయంలో ఇంగ్లీషును తప్పనిసరి సబ్జెక్టు చేశారు. విషయం తెలిసిన భాషలో, ఇంగ్లీషు ఒక భాషగా. ఈ పద్ధతిలో చదివిన రజియుద్దీన్ సిద్దిఖీ కేంబ్రిడ్జికి వెళ్లాడు. తర్వాత లైప్‌జిగ్‌లో హైసన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేశాడు. అక్కడే చదివిన ముహమ్మద్ హమీదుల్లా జర్మనీలో, ఫ్రాన్సులో డాక్టరేట్లు తీసుకున్నాడు. ఖురాన్‌ను ఫ్రెంచిలోకి అనువదించాడు. ఉర్దూలో చదివినందుకు వీళ్లకు ఇంగ్లీషు రాకుండా పోలేదు. ఫ్రెంచి, జర్మన్ కూడా వచ్చాయి.

అటువైపు కాళోజీని చూడండి. పీవీ నరసింహారావును చూడండి. ఇద్దరూ వరంగల్లు, హనుమకొండ బడుల్లో ఆ ఉర్దూ కాలంలో చదివినవాళ్లే. ఉర్దూ నేర్చినందుకు వాళ్ల తెలుగు పోలేదు. తెలుగు ఉన్నందుకు ఉర్దూ ఆగలేదు. ఒకాయన ప్రజల పలుకును కవిత్వం చేశాడు. ఇంకొకాయన ఎన్నో భాషల్లో ఉపన్యాసాలిచ్చాడు. పిల్లల తలకాయ ఒక భాష పెడితే ఇంకో భాష బయటికి పోయే చిన్న సందుగ కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కాకపోతే వీళ్ల ఇళ్లల్లో అక్షరం ఉంది, చదువుకు విలువ ఉంది. మిల్లు కార్మికుడి పిల్లకు అది లేదు. అందుకే ఉస్మానియా కథ చెప్పుకుని మురిసిపోవడం మాకు చాలదు. ఇంట్లో పుస్తకం లేని పిల్ల సంగతేమిటన్నదే మా ప్రశ్న.

చెల్లని సిక్కా

1948 సెప్టెంబర్ 13న పోలీసు చర్య మొదలైంది. నాలుగైదు రోజుల్లో రాజ్యం పోయింది. ఆ తర్వాత ముస్లింల మీద సాగిన హత్యాకాండను పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం తిరిగి చూసి రాసింది. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని లెక్క కట్టింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. హమీదుల్లా అప్పుడు విదేశంలో ఉన్నాడు. మళ్లీ తిరిగి రాలేదు. దేశం లేనివాడిగా పారిస్‌లో ఉండిపోయాడు.

ప్రాణాలు దక్కినవాళ్లకు ఇంకో దెబ్బ తగిలింది. అది భాష దెబ్బ. నిజాం కాలపు రూపాయిని హాలీ సిక్కా అనేవాళ్లు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు ఇండియా రూపాయలు వచ్చేవి. 1950ల చివరికి అది పూర్తిగా చెల్లకుండా పోయింది. సిక్కాకు కనీసం మార్పిడి ధర ఉండింది. ఉర్దూకు అదీ లేదు. ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారింది. కచేరీ కాగితాలు ఇంగ్లీషులో రావడం మొదలైంది. ఇరవై ఏళ్లు ఉర్దూలో దస్త్రాలు రాసిన గుమస్తా ఒక్క పొద్దులో నిరక్షరాస్యుడయ్యాడు.

ఇది ముస్లింలకే జరగలేదు. ఉర్దూలో చదువుకున్న తెలంగాణ తెలుగువాళ్లకూ జరిగింది. ఇంగ్లీషు, పుస్తకాల తెలుగు వచ్చినవాళ్లు బయటి జిల్లాల నుంచి ఉద్యోగాల్లోకి వచ్చారు. అందులో పంతుళ్లు కూడా ఉన్నారు. 1952లో ముల్కీ ఉద్యమం రాజుకున్నది ఎక్కడ? వరంగల్లు, హనుమకొండ విద్యార్థుల్లో. అది హైదరాబాదు చేరి, సెప్టెంబర్ మొదట్లో సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా పోయింది. దాన్ని మనం ఉద్యోగాల గొడవగా చదువుకున్నాం. సరే. కానీ ఆ గొడవ అడుగున బడి ఉంది. బడిలో ఏ భాష తెలిసినవాడు పంతులు కావాలన్న ప్రశ్న ఉంది.

మా దాదా అట్లాంటి గుమస్తానే. తాలూకా కచేరీలో ముహర్రిర్. 1948 నాటికి ఆయనకు నలభై. మా అబ్బాకు ఆరేళ్లు. ఇద్దరూ ఒకే లాంతరు కింద ఏ, బీ, సీ దిద్దారు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ మా దగ్గర ఉంది. ప్రతి పేజీలో మూడు వరుసలు. కుడి నుంచి ఉర్దూ మాట, ఎడమ నుంచి ఇంగ్లీషు మాట, మధ్యలో తెలుగు. తెలుగు చేతిరాత దాదాది కాదు. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఆ వరుస రాసింది కొత్తవాడ నుంచి వచ్చే ఆయన దోస్తు, పద్మశాలి. ఆయనకు కూడా ఇంగ్లీషు కావాలి. ఇద్దరూ ఒక మాట అనుకుని, ముగ్గురు భాషల్లో రాసుకున్నారు. ఇద్దరు పెద్దల మధ్య కూచున్న ఆరేళ్ల పిల్లవాడు పనిలో పనిగా మూడూ నేర్చుకున్నాడు.

దాదాకు ఏ విద్యాశాస్త్రమూ తెలియదు. కొత్త మాటను తెలిసిన మాటకు ముడివేస్తే నిలబడుతుందని మాత్రం తెలుసు.

దిస్ ఈజ్ ఎ పెన్

1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. అదే ఏడాది ఏడో సవరణతో రాజ్యాంగంలోకి 350-ఎ అధికరణం వచ్చింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడాలని అది చెబుతుంది. 1966లో తెలుగును అధికార భాష చేశారు. కాగితం మీద మాకు హక్కు ఉంది. బడిలో పంతులు లేడు. ఉర్దూ మీడియం బడి అంటే ఒక గది, ఐదు తరగతులు, ఖాళీగా ఉన్న పోస్టులు. 1980ల్లో మేము చదివింది అట్లాంటి బడే.

అందులో మాకు ఇంగ్లీషు ఎట్లా చెప్పారు? ఉస్తాద్ కలం ఎత్తి 'దిస్ ఈజ్ ఎ పెన్' అనేవారు. మేమంతా అరిచేవాళ్లం. 'దట్ ఈజ్ ఎ బుక్' అంటే మళ్లీ అరిచేవాళ్లం. ఈ పద్ధతికి ఒక చరిత్ర ఉంది. స్వాతంత్ర్యం తర్వాత దేశమంతటా వాక్య నిర్మాణాలను ఒక్కొక్కటిగా వల్లె వేయించే పద్ధతి పెట్టారు. పంతుళ్లకు శిక్షణ ఇవ్వడానికి 1958లో హైదరాబాదులోనే కేంద్ర ఇంగ్లీషు సంస్థ వచ్చింది. ఇవాళ్టి ఇఫ్లూ యూనివర్సిటీ అదే. వరంగల్లుకు వంద మైళ్లు కూడా లేదు. కానీ మా ఒంటిగది బడికి అది లండన్ అంత దూరం. మా దాకా వచ్చింది అరుపు మాత్రమే. కలం కనిపిస్తూనే ఉంది కదా, ఇది కలం అని ఎవరికి చెబుతున్నాం, ఎందుకు చెబుతున్నాం అని మేము అడగలేదు. పదేళ్లు చదివాం. రైల్వే స్టేషన్లో టికెట్ ఇంగ్లీషులో అడగమంటే చెమటలు పట్టేవి.

ఇదే లోపాన్ని ఎన్.ఎస్. ప్రభు గమనించాడు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు ప్రాంతంలో, మద్రాసులో మామూలు బడుల్లో ఇంకో రకంగా చెప్పించి చూశాడు. వల్లె వేయించడం లేదు. పిల్లల ముందు రైళ్ల టైంటేబుల్ పెట్టారు. ఈ బండి ఎప్పుడొస్తుంది, ఏది తొందరగా చేరుతుంది చెప్పమన్నారు. ఊరి పటం పెట్టి దారి చెప్పమన్నారు. పిల్లల ధ్యాస లెక్క తేల్చడం మీద ఉంటుంది, భాష వెనక నుంచి వచ్చి చేరుతుంది. కాజీపేట జంక్షన్ పక్కన ఉన్న మాకు రైళ్ల టైంటేబుల్ కంటే తెలిసిన పుస్తకం ఏముంది? దాన్ని మా చేతికి ఇచ్చినవాడు లేడు.

ఎవరి పిల్లలకు ఏ మీడియం?

మేము డిగ్రీకి వచ్చేసరికి గల్లీకొక కాన్వెంటు లేచింది. కాన్వెంటు అంటే మిషనరీలది కాదు. రెండు గదులు, ఒక బోర్డు, పిల్లల మెడకు టై. మిల్లు కార్మికులు, ఆటోవాళ్లు, దర్జీలు కడుపు కట్టుకుని ఫీజులు కట్టారు. ముస్లింలు పిల్లల్ని మదర్సాలకే పంపుతారని ప్రచారం ఉన్న దేశం ఇది. 2006లో సచార్ కమిటీ లెక్క తీస్తే బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాకు పోయేవాళ్లు 3-4 శాతమే. మిగతా పిల్లలు మామూలు బడుల్లో ఉన్నారు, లేదంటే బడి బయట పనిలో ఉన్నారు. అబద్ధాన్ని అందరూ నమ్మారు. లెక్కను చదివినవాళ్లు తక్కువ.

మాతృభాషలోనే చదవాలని మాకు నీతి చెప్పే పెద్దలున్నారు. వాళ్ల పిల్లలు ఏ మీడియం అని అడిగితే మాట మారుస్తారు. వరంగల్లు జిల్లా పాపయ్యపేటలో పుట్టిన కంచ ఐలయ్య ఈ మోసాన్ని ఏళ్లుగా ఎండగడుతున్నాడు. దళిత బహుజనుల పిల్లలకు ఇంగ్లీషు మీడియం హక్కు అంటున్నాడు. ఆ కోపం మాది కూడా. 2016లో తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 71 మొదలయ్యాయి, తర్వాత 204 అయ్యాయి. అన్నీ ఇంగ్లీషు మీడియం. పేద ముస్లిం ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదువుకోవడం మా అమ్మలు కలలో కూడా చూడనిది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సర్కారు బడులన్నీ ఇంగ్లీషులోకి మార్చాలని జీవో ఇచ్చారు. 2020లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టారు. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు అచ్చువేశారు.

ఆ పుస్తకం చూసినప్పుడు మాకు దాదా నోటుబుక్కు గుర్తొచ్చింది. డెబ్భై ఏళ్ల కింద ఒక గుమస్తా, ఒక నేతగాడు లాంతరు కింద కనిపెట్టిన ఉపాయాన్ని సర్కారు ఇప్పుడు అచ్చువేసింది. సంతోషమే.

కాబట్టి మా పేచీ ఇంగ్లీషు మీడియంతో కాదు. ఇంగ్లీషు పేరుతో పిల్ల నోరు మూయించడంతో. బడిలో ఉర్దూ, తెలుగు మాట్లాడితే జరిమానా వేసే చోట్లున్నాయి. మెడలో పలక కట్టి నిలబెట్టే చోట్లున్నాయి. నోరు మూసిన పిల్ల ఏ భాషా నేర్చుకోదు. ఇది మా ఆవేశం కాదు. పసిపిల్లలకు మాతృభాషే మంచి బోధన భాష అని 1953లోనే యునెస్కో నిపుణుల నివేదిక చెప్పింది. 1979లో కెనడా పండితుడు జిమ్ కమిన్స్ ఇంకో మాట చెప్పాడు. మొదటి భాషలో చదవడం, ఆలోచించడం గట్టిపడితే ఆ బలం రెండో భాషలోకి పోతుందని. పునాది తవ్వి పారేసి మేడ కడతామంటే ఎట్లా?

పిల్ల నోట్లో ఉన్న ఆస్తి

మా పిల్లలు బడికి ఖాళీ చేతులతో పోవడం లేదు. ఏం తీసుకుపోతున్నారో పంతుళ్లకు తెలియదు. మాకూ తెలియదు.

ఇంట్లో నమాజు వేళలు వినే పిల్ల 'ఫజర్' అంటుంది, 'జొహర్' అంటుంది. ఆ 'ఫ' ఫ్యానులో ఉన్నదే. ఆ 'జ' జీబ్రాలో ఉన్నదే. 'జనం'లో ఉన్న జ కాదది. తెలుగు లిపిలో దానికి వేరే అక్షరం లేదు. ఉర్దూలో జే, జాల్, జాద్, జోయ్ అని నాలుగున్నాయి. ఎంతోమంది తెలుగు పిల్లలు కష్టపడి నేర్చుకునే ఈ ధ్వని మా పిల్లకు అమ్మీ ఒళ్లో ఉచితంగా వచ్చింది.

మరి మా పిల్లకు కష్టమేది? 'స్కూల్' అనలేదు. 'ఇస్కూల్' అంటుంది. 'ఇస్టేషన్', 'ఇస్టూల్' అంటుంది. మాట మొదట్లో 'స'తో ఇంకో హల్లు కలిస్తే ముందు 'ఇ' చేరుస్తుంది. దీనికి క్లాసంతా నవ్వుతుంది. కానీ పక్కింటి తెలుగు పిల్లతో ఆడుకునే మా పిల్ల 'స్నానం' అంటుంది, 'స్థలం' అంటుంది. అక్కడ 'ఇ' అవసరం రాలేదు కదా. 'స్నానం అన్నట్టే స్కూల్ అను' అని ఒక్క మాట చెబితే చాలు. ఇటు తెలుగు పిల్ల 'బస్సు', 'పెన్ను' అని చివర 'ఉ' తగిలిస్తుంది. ఉర్దూ పిల్లకు ఆ ఇబ్బంది లేదు. 'బస్' అనే అంటుంది. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. ఇద్దర్నీ ఒక బెంచీ మీద కూచోబెడితే సగం ఉచ్చారణ వాళ్లే నేర్పుకుంటారు. వేరు చేస్తే ఇద్దరూ నష్టపోతారు.

వాక్యం సంగతి చూడండి. 'మైఁ చా పీతూఁ' అంటాం. 'నేను చాయ తాగుతా' అంటాం. రెండింట్లో క్రియ చివరనే. ఇంగ్లీషులో 'ఐ డ్రింక్ టీ'. తాగడం మధ్యలోకి వచ్చింది. మా పిల్ల 'ఐ టీ డ్రింక్' అంటే అది తెలివితక్కువ కాదు. తనకు తెలిసిన రెండు భాషల న్యాయం అది. దక్కనీలో 'ఆతూఁ బోల్కే బోలా' అంటాం. తెలుగులో 'వస్తా అని చెప్పిండు'. ఈ 'బోల్కే' మా తెలుగు పొరుగువాళ్ల 'అని'. పొరుగు భాష నుంచి వాక్యం పొందికనే తీసుకున్నవాళ్లం మేము. మమ్మల్ని పరాయివాళ్లంటారు!

ఇంట్లో ఖురాను, ఉర్దూ కాయిదా చదివే పిల్ల పుస్తకాన్ని కుడి నుంచి తెరుస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో 'బీ'ని, 'డీ'ని తారుమారు చేస్తుంది. ఐదారేళ్ల పిల్లలు ఏ మతంవాళ్లయినా ఈ తారుమారు చేస్తారు. మా పిల్లకు రెండు దిక్కుల లిపి ఉంది కాబట్టి ఇంకాస్త ఓపిక పట్టాలి. పేజీ మూలన ఎటు నుంచి చదవాలో బాణం గుర్తు వేస్తే సరిపోయేదానికి మేము చిన్నప్పుడు బెత్తం దెబ్బలు తిన్నాం.

ఇంగ్లీషు రాని అమ్మీ ఏం చేయాలి?

'హమ్నా అంగ్రేజీ నై ఆతీ, బచ్చీకో క్యా పఢాతుఁ?' మాకు ఇంగ్లీషు రాదు, పిల్లకేం చెబుతాను అని అమ్మీలు అంటారు. ఈ సిగ్గే పిల్లను ట్యూషన్ వైపు తోస్తోంది. అమ్మీలకు మేము చెప్పేది ఇది. మీ పని ఇంగ్లీషు నేర్పడం కాదు. పిల్లతో మాట్లాడటం. కథ చెప్పడం. పావురం, కాకి, రాజకుమారి ఎవరి కథైనా దక్కనీలోనే చెప్పండి. మధ్యలో ఆపి 'తర్వాత ఏమైంది?' అని అడగండి. కారణం చెప్పగలిగిన పిల్ల, వరుస చెప్పగలిగిన పిల్ల, రేపు బడిలో ఇంగ్లీషు కథ వింటే అందులో తర్వాత ఏమవుతుందో వెతుక్కుంటుంది. తెలియని మాటకు అర్థం ఊహిస్తుంది.

పిల్ల నేర్చుకున్న పాటను మీకు నేర్పమనండి. మీరు తప్పు పలికితే దిద్దమనండి. రోజూ పది నిమిషాలు చాలు. పంతులమ్మ అయిన పిల్లకు వచ్చే ధైర్యం ఏ ట్యూషనూ ఇవ్వలేదు. మా ఇళ్లల్లో ఇంగ్లీషు లేదనుకోవడం కూడా పొరపాటే. సబ్బు కాగితం మీద, మందు సీసా మీద, బిస్కట్ పొట్లం మీద, మండిబజారు దుకాణాల బోర్డుల మీద అదే కదా ఉంది. పిల్లతో నడుస్తూ ఒక్కో అక్షరం వెతికించండి. అదే బోర్డు మీద ఉర్దూ ఉంటే అదీ, తెలుగు ఉంటే అదీ చదివించండి. మెట్లు ఎక్కుతూ మూడు భాషల్లో లెక్కపెట్టండి. పిల్ల భాషలు కలిపి మాట్లాడితే కసరకండి. రెండు మూడు భాషల మధ్య పెరిగే పిల్లలు ప్రపంచమంతటా కలిపే మాట్లాడతారు. మనమూ అంతే కదా.

పంతుళ్లకూ ఒక విన్నపం. కొత్త కథను ముందు పిల్లకు తెలిసిన భాషలో రెండు నిమిషాలు చెప్పి, అప్పుడు ఇంగ్లీషులో చదవండి. 'స్టాండ్ అప్', 'ఓపెన్ ద డోర్' లాంటివి చేసి చూపించి చేయించండి. పిల్ల కొన్నాళ్లు నోరు విప్పకుండా వింటే విననివ్వండి. పసిపాప కూడా ఏడాది విని కదా మాట్లాడింది. 'షీ గో' అంటే 'తప్పు' అనకండి. 'అవును, షీ గోస్' అని మీరు సరిగ్గా అనండి. చెవికి అందుతుంది. మీకు ఉర్దూ రాకపోతే క్లాసులో ఉన్న పిల్లనే అడగండి, పుస్తకాన్ని ఏమంటారమ్మా అని. 'కితాబ్' అని ఆ పిల్ల క్లాసులో అందరి ముందు గట్టిగా చెప్పిన రోజు, ఆ పిల్లకు బడి తనదవుతుంది.

ఇవన్నీ చేస్తే బీద బడి గొప్ప బడి అయిపోతుందని మేము అనడం లేదు. పంతుళ్ల పోస్టులు నింపాలి. ఉర్దూ తెలిసిన పంతుళ్లు ఒకటి రెండు తరగతుల్లో ఉండాలి. పిల్లలకు కథల పుస్తకాలు కావాలి, మూడు భాషలవి. వీటి కోసం సర్కారును అడుగుతూనే ఉండాలి. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూను రెండో అధికార భాష చేశారు. సన్మానాలు జరిగాయి. ఆఫీసు బోర్డు మీద ఉర్దూ ఎక్కితే మాకు గౌరవమే. ఒకటో తరగతి గదిలోకి ఎక్కితే మా పిల్లకు బతుకు.

మొన్న ఒకరోజు దాదా నోటుబుక్కు తీసి మా బిడ్డ ముందు పెట్టాం. ఇప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు. ఇంగ్లీషు వరుస గడగడా చదివింది. తెలుగు వరుస కాస్త తడుముకుంటూ చదివింది. కుడి వరుస దగ్గర ఆగిపోయింది. తన పరదాదా సొంత చేతిరాత ఉన్నది అదొక్క వరుసలోనే. "యే క్యా లిఖే అబ్బా?" అని అడిగింది. తప్పు ఆమెది కాదు. ఇంగ్లీషు తొందరలో ఉర్దూ అక్షరాలు తర్వాత చూద్దామని వాయిదా వేసింది మేము. బడిని తప్పుపట్టే ముందు మా ఇంటి గుమ్మం దగ్గర కూడా ఒక గేటు ఉందని ఒప్పుకుంటున్నాం.

ఆ సాయంత్రం నుంచి రోజుకొక మాట చదువుతున్నాం. మూడు వరుసల్లో. కుడి వరుస మేము చెబుతాం, ఎడమ వరుస ఆమె వాళ్లమ్మకు చెబుతుంది. మధ్య వరుసకు పక్కింటి పిల్ల వస్తుంది. గేటు దగ్గర ఉర్దూ మాట్లాడొద్దని మా బిడ్డ ఇప్పటికీ అంటూనే ఉంది. ఆ మాట మాన్పించడం మా ఒక్క ఇంటి వల్ల కాదు. ఆ గేటు లోపల కూచున్న పంతుళ్లు, పక్క బెంచీ పిల్లల తల్లిదండ్రులు, ఈ వ్యాసం చదివే మీరు కూడా ఓ చెయ్యి వేయాలి.